దాపట కన్ను, ఎలపట చక్రం

పోయిన నెల హిందూపురంలో ఒక బడివాళ్లు నన్ను జడ్జిగా రమ్మన్నారు. పిల్లలు చేసిన రోబోలకు పోటీ. వెళ్లేముందు నాకు పెద్ద ఉత్సాహమేమీ లేదు. శాలువా కప్పుతారు, మైకు కీచుమంటుంది, మధ్యాహ్నానికి తలనొప్పితో ఇల్లు చేరతాను అనుకున్నాను. హాల్లో అడుగు పెట్టానో లేదో, నేల మీద పరిచిన తెల్లటి ఫ్లెక్సీ, దాని మీద వంకర్లు తిరిగిన నల్లటి గీత కనబడ్డాయి. అంతే! నా గుండె బడిపిల్ల గుండెలాగా దడదడమంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె తన బండిని గీత మీద పెట్టింది. అది ఎక్కడా తడుముకోకుండా సర్రున పోయి చివర ఆగింది. నేను ఉండబట్టలేక, "బాగుందమ్మా. ఇదే బండి నల్లనేల మీద తెల్లగీత వెంబడి పోవాలంటే ఏం చేస్తావు?" అని అడిగాను. ఆ పిల్ల నావైపు కాస్త జాలిగా చూసి, ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, ఒకచోట ఒక గుర్తు మార్చి, "అయిపాయ మేడం" అంది.

"ఒక్క గుర్తా!" అని నేను పెట్టిన కేకకు పక్క బల్లల దగ్గర పిల్లలు కూడా తిరిగి చూశారు. ఆ పిల్ల బెదిరిపోయి, "తప్పా మేడం?" అంది. తప్పు కాదు తల్లీ, తప్పు కాదు. ఆ ఒక్క గుర్తు కోసం మేం ముగ్గురం ఒకప్పుడు ఇదే ఊళ్లో, ఇలాంటి హాలు బయట వరండాలో కూర్చుని ఆడపిల్లలిద్దరం జడలు విప్పుకున్నాం, ముగ్గురం ఒకరినొకరు తిట్టుకున్నాం, కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ మాట అక్కడ చెప్పడానికి వేళా కాదు, మర్యాదా కాదు. పెనుకొండ బస్సెక్కి సోమందేపల్లి దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్క సీటామె బిడ్డను తన ఒళ్లోకి జరుపుకుంది.

పెనుకొండలో మా బడి కొండ కిందే. మేం పదో తరగతికి వచ్చిన ఏడు శేషు సార్ అని కొత్త సైన్సు సార్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరుతో ఉండేవాడు. బెంగళూరులో ఎక్కడో గీత వెంబడి తనంతట తాను పోయే బండిని చూశాడట. ఆ పిచ్చి ఎక్కించుకుని వచ్చి మాకూ ఎక్కించాడు. "సాయంత్రం బడి వదిలినాక రోబో చేద్దాం, ఎవరు వస్తారు?" అంటే మొదటి రోజు క్లాసంతా వచ్చింది. సామాన్లంటే ఒక సాల్డరింగు కడ్డీ, కొన్ని వైర్లు, పాడైపోయిన బొమ్మకార్ల మోటార్లు, ఇంతేనని తెలిసేసరికి ముగ్గురం మిగిలాం. నేను, లలిత, గిరీశ. లలితవాళ్లది ధర్మవరం. ఇంట్లో పట్టుచీరలు నేస్తారు, చదువు కోసం పెనుకొండలో పిన్నమ్మ ఇంట్లో ఉండేది. గిరీశది లేపాక్షి అవతల పల్లె, హాస్టల్లో ఉండేవాడు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు.

మాకు లేనివాటి గురించి చెప్పుకుంటే తెల్లవారుతుంది, ఉన్నవాటి గురించే చెబుతాను. చక్రాలు లలిత తెచ్చింది. జరీ చుట్టి వచ్చే ప్లాస్టిక్ రీళ్లు వాళ్లింట్లో ఖాళీవి బోలెడు. వాటికి సైకిలు ట్యూబు ముక్కలు తొడిగితే నేలను కరుచుకుని తిరిగేవి. బండి ఒళ్లు మా అవ్వ పాత బిస్కెట్ల డబ్బా మూత. రెండు కళ్లు మాత్రం శేషు సార్ బెంగళూరు నుంచి తెచ్చాడు. ఒక్కో కంట్లో ఒక చిన్న దీపం, దాని పక్కన వెలుతురును పసిగట్టే ముక్క. కన్ను నలుపును చూస్తే దానికి కట్టిన చక్రం తిరుగుతుంది, తెలుపును చూస్తే ఆగుతుంది. ఆ బండికి ఉన్న బుద్ధంతా అదే. దానికి ప్రోగ్రామూ లేదు, ల్యాప్‌టాపూ లేదు. మా బడిలో ఉన్న ఒక్క కంప్యూటరుకు గుడ్డ కప్పి, బొట్టు పెట్టి, ఆఫీసు గదిలో పెట్టారు.

సార్ అడగ్గా అడగ్గా, ఆటసామాన్లు పడేసే గది మాకు ఇచ్చారు. చిరిగిన వాలీబాల్ నెట్లు, విరిగిన బెంచీలు, గబ్బిలాల కంపు. నాకు అది ఇంద్రభవనం. ఎందుకో చెప్పాలి. నేను నోరుగల్ల పిల్లను. వాలీబాల్ నుంచి తీసేశారు, అంపైరుతో జగడమాడినానని. పాటల నుంచి తీసేశారు, నా గొంతు నాకే వినిపించాలంటానని. ఎక్కడికి పోయినా "నాగరత్ననా, వద్దులే తల్లీ" అనేవాళ్లు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని అవ్వ రోజూ అంటూనే ఉండేది. ఆ గదిలో మాత్రం నా మొండితనం పనికొచ్చింది. వైరు అతకకపోతే ఇరవైసార్లయినా అతికేదాన్ని. ఎందుకు తిరగలేదో తేలేదాకా సంగటి ముద్ద దిగేది కాదు. మొదటిసారి ఒక చక్రం గిర్రున తిరిగినప్పుడు శేషు సార్ నన్ను చూసి, "నువ్వే కెప్టెన్" అన్నాడు. జీవితంలో ఎవరూ నన్ను దేనికీ కెప్టెన్ చేయలేదు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు నాకు.

కానీ బండిని నిజంగా నడిపించింది మా ఇంటి ముంగిలి. మా ఇంటి ముందు కడప బండలు పరిచి ఉండేవి. నల్లగా, నున్నగా, తరతరాలుగా అరిగినవి. కోడి కూసే వేళకు అవ్వ లేచి వాటిని నీళ్లతో కడిగేది. తడి బండల వాసన, పశువుల కొట్టంలో నాయన ఎద్దులకు వేసే చొప్ప వాసన, లోపల అమ్మ చెనక్కాయలు వేయిస్తున్న వాసన, ఇవన్నీ కలిసి వచ్చి నన్ను లేపేవి. నేను కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి అవ్వ వంగి ముగ్గు వేస్తూ ఉండేది. నడుము ఎత్తేది కాదు, గీత మధ్యలో ఆపేది కాదు, ఎవరైనా పలకరిస్తే కాలితోనే ‘పో’ అని సైగ చేసేది. ఒకరోజు నేను బండిని ఊరికే ఆ ముగ్గు మీద పెట్టాను. రెండు కళ్ల నడుమ తెల్లగీత. బండి కదిలింది. గీత ఎటు వంగితే అటు వంగింది! ఎడమ కంటికి తెలుపు తగలగానే ఎడమ చక్రం ఆగడం, బండి ఎడమకు తిరగడం. నేను కేకలు వేస్తూ గంతులు వేస్తుంటే, అవ్వ ముగ్గుచిప్ప పట్టుకుని నోరు తెరిచి నిలబడింది. "ఏమే ఇది, నా ముగ్గును చదువుతాండాదే!" అంది.

ఆ రోజు నుంచి అవ్వే మా గ్రౌండు ఇంజనీరు. తెల్లారకముందే లలిత, గిరీశ వచ్చేవాళ్లు. అవ్వ గీసేది, మేం తిప్పేవాళ్లం. ఎండ పొడ పడిందంటే బండి కళ్లు బైర్లు కమ్మి తిక్కతిక్కగా పోయేది, కాబట్టి ముగ్గుకూ పొద్దుపొడుపుకూ నడుమ ఉన్న ఆ కాస్త వేళే మాది. గీత గీతను అడ్డంగా దాటే చోట రెండు కళ్లకూ తెలుపే తగిలి బండి నిలబడిపోయేది. అందుకని మెలికలు లేకుండా గీయమని అవ్వను బతిమాలుకున్నాం. "మెలిక ల్యాకుంటే అదేం ముగ్గు? గొడ్లకు కంచె ఏసినట్లుండాది" అని సణుగుతూనే గీసేది. కరెంటు పోతే ఇనుప చువ్వను పొయ్యిలో కాల్చి వైర్లు అతికేవాళ్లం. సాల్డరింగు పొగ వంటింట్లోకి పోతే, "గుగ్గిలం పొగ ఎవురే ఏస్తాండారు? ఈపొద్దు ఏం పండగ?" అని అడిగేది. నిజంగానే ఆ వాసన గుగ్గిలం వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పొగ తగిలితే నాకు దేవుడు గుర్తురాడు, మా పొయ్యిలో ఎర్రగా కాలిన చువ్వ గుర్తొస్తుంది.

ఎడమ, కుడి అనే రెండు మాటలు మా ప్రాణం తీశాయి. నేను బండి వెనక కూర్చుని ‘ఎడమ చక్రం’ అంటే, బండికి ఎదురుగా కూర్చున్న గిరీశ తన ఎడమ చేతి వైపున్నది పట్టుకునేవాడు. వాడు అతికింది నేను పీకేదాన్ని, నేను అతికింది వాడు పీకేవాడు. బండి గానుగెద్దులాగా ఉన్నచోటే గుండ్రంగా తిరిగేది. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "ఇంగ ఎడమా లేదు, కుడీ లేదు! ఇది దాపట, ఇది ఎలపట. నువ్వు ముందర కూచో, ఎనక కూచో, చెట్టెక్కి కూచో, దాపటెద్దు దాపటే!" అని అరిచాను. మా నాయన కాడి కట్టేటప్పుడు రోజూ వినే మాటలవి. బండి తోలేవాడి ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. ఎదురుగా నిలబడి చూసినా వాటి పేర్లు మారవు. గిరీశ ఆలోచించి, "ఇది బాగుండాదప్పా" అన్నాడు. దాపట వైర్లకు పసుపు, ఎలపట వైర్లకు కుంకుమ పూశాం. ఆనాటి నుంచి ఒక్క వైరు కూడా తారుమారు కాలేదు.

అంతా బాగుందనుకుంటుండగా హెడ్మిస్ట్రెస్ మేడం మా గదికి వచ్చింది. కమలాబాయి మేడం చెడ్డమనిషి కాదు. పదో తరగతి పిల్లల్లో ఒక్కరు తప్పినా తన బిడ్డ తప్పినట్టు అన్నం మానేసే మనిషి. ఆ గదిని మాకిచ్చినప్పటి నుంచీ ఆమెకు మనసు పీకుతూనే ఉంది. చదువులో వెనకబడిన పిల్లలకు సాయంత్రం క్లాసులు పెట్టడానికి ఆ గదే కావాలంది. "శేషు సార్, బొమ్మబండితో ముగ్గురు పిల్లలు ఆడుకోవడానికి నేనొక గది ఎట్లా వదిలిపెట్టేది?" అంది. సార్ చేతులు నలుపుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉంటే నేనెందుకవుతాను? "హిందూపురంలో పోటీ ఉండాది మేడం. మా బండి ఆడ పోయి చూపిస్తాది" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సరే. మీ బండి గీత చివరిదాకా పోతే గది మీది. పోకపోతే తాళం వేస్తాను, ఇంక నన్ను అడగకూడదు" అంది. బహుమతి తెమ్మనలేదు. చివరిదాకా పోతే చాలు. మా ముంగిట్లో రోజూ పోతున్న బండి అక్కడ పోదా? నాకు నవ్వొచ్చింది కూడా.

పోటీ రోజున బండిని, బొరుగుల ఉగ్గాని తెచ్చుకునే డబ్బాలో పెట్టి, లలిత వాళ్లమ్మ పంపిన పట్టుగుడ్డ ముక్క కప్పి, నా ఒళ్లో పెట్టుకుని బస్సులో హిందూపురం పోయాం. ఒక కాలేజీ హాల్లో పోటీ. బెంగళూరు నుంచి కూడా బడులు వచ్చాయి. వాళ్ల పిల్లలకు ఒకే రంగు టీషర్టులు, వాళ్ల బండ్లకు మెరిసే చక్రాలు. మాకేం భయం వేయలేదు. మా జట్టు పేరే ముందు పిలిచారు. హాలు నడిమికి పోయి నేల చూశాను. తెల్లటి పట్టా పరిచి ఉంది. దాని మీద నాలుగు వేళ్ల వెడల్పున నల్లటి గీత.

నల్లగీత! అట్లాంటిది ఒకటి ఉంటుందని మాకెవరికీ తట్టలేదు. మా లోకంలో గీతంటే తెల్లదే. నల్లబల్ల మీద సుద్దగీత తెల్లది, వాలీబాల్ కోర్టుకు పోసే సున్నం తెల్లది, ఇంటి ముందు ముగ్గు తెల్లది. శేషు సార్ కూడా చేతికి సుద్ద అంటిన మనిషే కదా, ఆయనకూ తట్టలేదు. పోటీవాళ్లు ‘గీత’ అని రాశారు, మేం ‘ముగ్గు’ అని చదువుకున్నాం. చేసేదేమీ లేక బండిని గీత మీద పెట్టి మీట నొక్కాను. రెండు కళ్లకూ రెండు పక్కలా తెలుపే. రెండు చక్రాలూ ఆగే ఉన్నాయి. బండి ఇంతైనా కదల్లేదు. వెనక నుంచి ఎవరో, "లేపాక్షి బసవన్నప్పా ఇది, కూచున్యాడు, లేయడు" అన్నారు. ఇంకొకరు, "‘లే పక్షీ’ అంటే లేస్తాదేమో అడగండ్రా!" అన్నారు. హాలంతా నవ్వు. నా చెవులు మండిపోయాయి. నా కళ్ల ముందు మేడం లేదు, పోటీ లేదు, ఆ గది తలుపుకు వేలాడే తాళం ఒక్కటే కనిపిస్తోంది. మళ్లీ నేను ఎవరికీ అక్కరలేని నోరుగల్ల పిల్లనవుతాను.

ప్రతి జట్టుకూ రెండు అవకాశాలు. రెండోది అందరిదీ అయిపోయాక. వరండాలో కూలబడ్డాం. శేషు సార్ తల పట్టుకుని, "తప్పు నాదేనమ్మా. లోపలి వైర్లన్నీ తిరగేసి కట్టాలి, ఇక్కడ ఎట్లా అవుతుంది?" అన్నాడు. నేను గిరీశను తిట్టాను, గిరీశ కన్నడంలో నన్ను తిట్టాడు. లలిత మాత్రం బండిని బోర్లించి, తన వేళ్లతో ఆ కళ్లను మూసి తెరిచి చూస్తోంది. ఉన్నట్టుండి, "రత్నా, కండ్లకు నలుపే గదా ఇష్టం? అయితే రెండు కండ్లనూ దగ్గరికి జరిపి నలుపు మీదనే కూచోబెడితే?" అంది. వెడల్పు గీత! రెండు కళ్లూ గీత మీదే పట్టేంత వెడల్పు! నేను ఎగిరి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టాను. కళ్లను రబ్బరుతో కట్టాం కాబట్టి ఇట్టే జరిగాయి. తిప్పి చూడటానికి నల్లగీత ఎక్కడ? లలితవి రెండు, నావి రెండు, నల్ల రిబ్బన్లు జడల నుంచి లాగేసి, తెల్లబండల మీద పక్కపక్కన పరిచి, చివర కొంచెం వంపు తిప్పాం. బండి కదిలింది. గిరీశ ఈల వేశాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి బండి సరిగ్గా వంపుకు ఎదురు పక్కకు తిరిగి, గీత దిగిపోయి, తెల్లనేల మీద నిలబడిపోయింది.

మళ్లీ పెట్టాం, మళ్లీ అంతే. గీత ఎలపటకు వంగితే ఇది దాపటకు పోతోంది. గీతంటే పగ పట్టినట్టు. నేను నేల మీద పడుకుని, చెంప బండకు ఆనించి చూశాను. గీత ఎలపటకు వంగినప్పుడు ముందుగా తెల్లనేల మీదికి వస్తున్నది దాపట కన్ను. అది ఆపుతున్నది దాపట చక్రాన్ని. ఆపాల్సింది ఎలపట చక్రాన్ని! దాపట కన్నును ఎలపట చక్రానికి కట్టాలి, ఎలపట కన్నును దాపట చక్రానికి. తెలిసింది, కానీ చెయ్యి కదల్లేదు. దాపట మరిగిన ఎద్దును ఎలపట కడితే మెడ విరుచుకుంటుంది, అరక విరగ్గొడుతుందని మా నాయన చెప్పగా విని పెరిగినదాన్ని. పసుపు వైరు పసుపుకే, కుంకుమ వైరు కుంకుమకే అని నెలల తరబడి ఇద్దరి నెత్తినా కొట్టినదాన్ని నేనే. గిరీశ కూడా, "బ్యాడ రత్నా, మార్చగూడదని నువ్వే గదా చెప్పింది" అన్నాడు. లోపల మా జట్టు పేరు పిలుస్తున్నారు. "ఇదేమన్నా ఎద్దారా?" అని అరిచి, పసుపు వైరు తీసి కుంకుమకూ, కుంకుమది తీసి పసుపుకూ మెలిపెట్టేశాను. తిప్పి చూసుకునే వేళ లేదు. జడలు విరబోసుకున్న ఇద్దరు ఆడపిల్లలం, వెనకాల గిరీశ, పరుగు.

బండిని గీత మీద పెట్టాను. కదిలింది. మొదటి వంపు. అయ్యో పోతోంది, పోతోంది అనుకునేంతలో తల తిప్పుకుని గీత మీదికి వచ్చేసింది! రెండో వంపు. మూడో వంపు. నత్తకన్నా కొంచెం వేగం, అంతే. కానీ గీతను వదల్లేదు. లేపాక్షి బసవన్న అన్నవాడే, "లేసినాడప్పా! లేసినాడు!" అని అరవడం మొదలుపెట్టాడు. హాలు సగం లేచి నిలబడింది. నేనేం అరిచానో నాకు తెలియదు. ఎద్దులను అదిలించినట్టు అరిచానని గిరీశ ఇప్పటికీ చెబుతాడు. చివరి గీత దాటి బండి ఆగింది. లలిత నన్ను పట్టుకుని ఏడ్చింది. బెంగళూరు జడ్జి ఒకాయన వచ్చి, ఏం చేశారమ్మా, మొదట నిలబడిపోయింది కదా అని ఇంగ్లీషులో అడిగాడు. "దాపట కన్ను ఎలపట చక్రానికి కట్టినాం సార్!" అన్నాను. ఆయన బిత్తరపోతే గిరీశ కన్నడంలో ఎద్దులతో సహా అంతా విడమరిచి చెప్పాడు. ఆయన నవ్విన నవ్వు హాలంతా వినబడింది. బహుమతి మాకు రాలేదు, మాకన్నా ముందు చాలామంది ఉన్నారు. మాకేం పట్టింది? గీత చివర మాది.

మర్నాడు బడికి పోతే మేడం అంతా విని, "శేషు సార్ అబద్ధం చెప్పడు, కానీ మీరంటే ఆయనకు ప్రాణం. నా కళ్లతో చూస్తే నమ్ముతాను" అంది. ముగ్గు మీద తిప్పి చూపిస్తామన్నాను. "ఇంటి ముగ్గు మీద మీ బండి తిరుగుతుందని ఊరంతా తెలుసు. అక్కడ నల్లగీత మీద పోయిందంటున్నారు, అది చూపించు" అంది. తెల్ల అట్టలు అతికించి, వాటి మీద నల్ల రంగుతో గీత గీశాం. అతుకుల దగ్గర చక్రాలు తట్టుకుని బండి పక్కకు పోయింది. ఇంటికొచ్చి అవ్వను పట్టుకున్నాను. "అవ్వా, ఒక్క దినం నల్లముగ్గు ఏసిస్తావా? బొగ్గుపొడితో." అవ్వ చెవులు మూసుకుంది. "శివశివా! ఇంటి ముందర నల్లముగ్గా? ఎవురికేమయిందని? నా పానం పోయినా ఎయ్యను. యాడన్నా ఇనింటివా, కనింటివా?" ఎంత ఏడ్చినా వినలేదు. గది పోతుందని చెప్పినా వినలేదు. అన్నం తినకుండా పడుకున్నాను.

తెల్లవారుజామున బయటికి వస్తే, అవ్వ ముంగిట్లో సున్నం బకెట్టు పక్కన పెట్టుకుని, కొబ్బరిపీచు కుంచెతో కూర్చుని ఉంది. చీర, చేతులు, ముక్కు, అన్నీ సున్నం. ముందురోజు సాయంత్రం నేను ముసుగు తన్ని ఏడుస్తున్నప్పుడే మొదలుపెట్టిందట. ముంగిలంతా తెల్లగా మెరిసిపోతోంది, నడుమ మాత్రం కడప బండల నలుపు నాలుగు వేళ్ల వెడల్పున మిగిలి, చుట్టలు చుట్టలుగా, ఒకదాన్నొకటి దాటుకుంటూ పెద్ద మెలికల ముగ్గయి కూర్చుంది. "అవ్వా, నల్లముగ్గు ఎయ్యనంటివే?" అన్నాను. అవ్వ మొహం గంటు పెట్టుకుని, "నేను యాడ ఏసినా? నేను ఏసిందంతా తెలుపే. నడాన మిగిలింది నల్లగుంటే నేనేం జేతు?" అంది.

ఇప్పుడు ఆ ముంగిలి సిమెంటయింది. గడప ముందు ముగ్గు స్టిక్కరు అంటించారు, అది ఏడాదంతా చెరగదు. అవ్వ పోయి చాలాకాలమైంది. హిందూపురంలో ఆ పిల్ల గుర్తు మార్చినంత సులువుగా మాకు ఏదీ కాలేదు, కానందుకు ఇప్పుడు ఏడుపూ లేదు. ఆ పిల్లకు అంత తొందరగా అయిందంటే, మిగిలిన పొద్దంతా ఇంకేం చేస్తుందో అని నాకు ఒళ్లంతా పులకరింతే. మా కాలమే గొప్పదని చెప్పే ముసలితనం నాకింకా రాలేదు. కానీ ఇంట్లో ఒక ముసలామె, తన నమ్మకాన్ని తాను వదులుకోకుండా, మనవరాలి పంతాన్నీ వదలకుండా, రెండింటి నడుమా నాలుగు వేళ్ల సందు చూసుకుని రాత్రంతా సున్నం కొట్టడం, అది మాత్రం ఏ కిట్టులోనూ రాదు. ఆ విషయంలో ఆ పిల్లకన్నా నేనే కలిగినదాన్ని అనిపిస్తుంది.

ఆ పొద్దున నేను కబురు పెడితే, ఎండ పడకముందే శేషు సార్ వెంట మేడం వచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విడిచి, సున్నం అంటకుండా కుచ్చిళ్లు పైకి పట్టుకుని అరుగు మీద నిలబడింది. గీత గీతను దాటే చోట బండి ఎప్పుడూ నిలబడిపోయేదే కదా! బండిని వదిలాను. మొదటి మెలిక దగ్గరికి వచ్చింది. అడ్డంగా వచ్చే గీత కూడా నల్లదే, రెండు కళ్లకూ ఇష్టమైన నలుపే. ఆగనే లేదు! నేరుగా దాటిపోయింది. అవ్వ, "ఆఁ! ఇది ముగ్గంటే!" అని తొడ చరిచింది. బండి ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు, మొదలుపెట్టిన చోటికే వచ్చి, ఆగకుండా మళ్లీ బయలుదేరింది. మేడం కళ్లార్పకుండా చూస్తోంది. ఎంతసేపటికీ బండి ఆగకపోయేసరికి, "బాగానే పోతోంది కానీ, చివరిదాకా పోవాలన్నాను కదా. దీనికి చివర ఎక్కడమ్మా?" అని అడిగింది.

"ముగ్గుకు చివరుండదు మేడమ్మా. కొస ఇడిస్తే ఇంటికి మంచిది కాదు" అంది అవ్వ.

మేడం అవ్వను చూసింది, బండిని చూసింది, నన్ను చూసింది. పొద్దు పొడుస్తోంది, ఇంకాసేపటికి ఎండ పడి బండికి తిక్క పుడుతుంది. ఆమె అరుగు మీద కూర్చుని, చేతిసంచిలోంచి ఆటగది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "అయితే చివర వచ్చినప్పుడు చెప్పు, వచ్చి తాళం వేసుకుంటాను" అంది.